సమ్మక్కకు పూచీ ఎవరు?

పొద్దున్నే నాంపల్లి స్టేషన్లో రైలు దిగి అబిడ్స్ వైపు నడిచి వెళ్లేవాళ్లు సమ్మక్కను చూసే ఉంటారు. పేరు తెలియకపోవచ్చు. గోపాలరావు బట్టల దుకాణం మెట్ల మీద, ఇంకా తెరవని షట్టరుకు వీపు ఆనించి, తడిగుడ్డలో చుట్టిన వేపపుల్లల మోపు ముందు పెట్టుకుని కూర్చుంటుంది. నేను ఏ ఊరు తిరిగి వచ్చినా నా సంచీ మొదట ఆగేది ఆ మెట్ల దగ్గరే.

"ఇంకెన్ని దినాలు తిరుగుతవ్ సారూ? పుల్ల నమలనీకి నీకు పళ్లు మిగిలినయా?" అంటుంది. నాకన్నా చిన్నది. అయినా నువ్వు అనే అంటుంది. ఆమెకు అందరూ నువ్వే. దుకాణం యజమాని గోపాలరావు కూడా నువ్వే.

ఆ మెట్ల మీద ఆమె అమ్మకానికి మాత్రమే కూర్చోదు. హోళీ దాటిన దగ్గర్నుంచి మొదటి వానలు పడేదాకా రాత్రుళ్లు పడుకునేదీ అక్కడే. ఇల్లు లేక కాదు. నాంపల్లి సందుల్లో కిరాయి గది ఉంది, తాళం ఉంది, తాళంచెవి కొంగుకు కట్టి ఉంటుంది. కానీ పైన రేకులు. పగలంతా కాలిన రేకుల కింద రాత్రి పడుకోవడమంటే పెనం మీద దోసెలా తిరగబడడమేనని ఆమె అంటుంది. మెట్ల మీదైతే గాలి వస్తుంది, పక్కన మాట్లాడుకోవడానికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లుంటారు, దుకాణానికి కావలి కూడా అవుతుందని గోపాలరావుకూ ఇష్టమే. మన పెద్దవాళ్లంతా ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకున్నవాళ్లే కదా. మంచం తీసేస్తే అది నిరాశ్రయత ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

సమ్మక్కకు ఒక పట్టింపు ఉంది. ఊరికే ఎవరిదగ్గరా పైసా తీసుకోదు. ఒక గురువారం దర్గాకు పోతున్న ఒక ఇల్లాలు పుణ్యం వస్తుందని ఆమె ముందు నాణెం పెట్టి పోబోయింది. సమ్మక్క వెనక్కి పిలిచి రెండు పుల్లలు చేతిలో పెట్టింది. "నీకొకటి, మీ ఇంటాయనకొకటి. నోరు కడుక్కోని గొడవపడున్రి" అంది. ఆ ఇల్లాలు నవ్వాలో కోప్పడాలో తెలియక పుల్లలు పట్టుకుని పోవడం నేను కళ్లారా చూశాను.

ఆ పట్టింపే ఆమె కొంప ముంచింది.

మొన్న వేసవిలో నేను రైలు దిగి వచ్చేసరికి మెట్లు ఖాళీగా ఉన్నాయి. మోపు మాత్రం ఓ మూల ఎండిపోయి పడి ఉంది. ఎదురుగా ఇడ్లీ బండి పెట్టే కామాక్షి నన్ను చూడగానే గరిటె వదిలేసి వచ్చింది. కామాక్షి వాళ్ల నాన్న తెనాలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఆమె పుట్టింది అబిడ్స్‌లోనే, మాట మాత్రం ఇంకా తెనాలి దాటలేదు.

"మా అక్కని ఎత్తుకుపోయారండీ!"

"ఎవరు?"

"వ్యానొచ్చిందండీ. ఊళ్లో ఏదో పెద్ద సభ ఉందంట, పైదేశాలవాళ్లు వస్తారంట. అడుక్కునేవాళ్లనీ, దిక్కులేనివాళ్లనీ తీసుకుపోయి హోములో పెడుతున్నారు. వాళ్ల మంచికేనంటండీ."

"సమ్మక్క అడుక్కోదు కదా!"

"అదే కదండీ నా ఏడుపు. రైలు దిగిన కుర్రాడెవడో పుల్ల కొని చిల్లర తీసుకోకుండా పోతున్నాడు. ఈవిడ ఊరుకుంటుందా? చిల్లర అరచేతిలో పెట్టుకుని, ఆ చెయ్యి ముందుకు చాపి, 'బిడ్డా, ఓ బిడ్డా, ఆగు బిడ్డా' అంటూ వాడి వెనకపడింది. సరిగ్గా అప్పుడే వ్యానువాళ్లు చూశారు."

ఆ దృశ్యం నా కళ్లకు కట్టింది. నెరిసిన జుట్టు, చాపిన చెయ్యి, చేతిలో నాణేలు, ముందు పారిపోతున్న కుర్రాడు. పక్కన చాప చుట్ట. ఇంకేం కావాలి? డబ్బు తిరిగి ఇవ్వడానికి చాపిన చెయ్యీ, అడగడానికి చాపిన చెయ్యీ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. తన గది ఉందని ఆమె తాళంచెవి చూపించిందట. గది ఉన్న మనిషి వీధిలో ఎందుకు పడుకుంటుంది, మతి సరిగా లేదేమోనని రాసుకుని మరీ ఎక్కించుకున్నారట.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను. నేను చట్టాలంటే గిట్టనివాణ్ణి కాను. హెల్మెట్ పెట్టుకోమంటే పెట్టుకుంటాను, రైలు కదిలాక ఎక్కొద్దంటే ఎక్కను. పసివాళ్లనూ, ఒంటిమీద స్పృహ లేనివాళ్లనూ చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలనీ ఒప్పుకుంటాను. కానీ నీ మంచి నీకు తెలియదు, మాకు తెలుసు అని ఒక ప్రభుత్వం ఎదిగిన మనిషితో అన్నప్పుడు నాకు జంకు పుడుతుంది. ఇంగ్లండులో ఒకప్పుడు పనీపాటా లేకుండా తిరిగేవాళ్లను పట్టుకుని పనిశాలల్లో పెట్టేవాళ్లు. ఆ ఆలోచన ఓడలెక్కి మనదాకా వచ్చింది, ఓడలు పోయాక కూడా ఉండిపోయింది. నేను జీవితమంతా ప్లాట్‌ఫారాల మీద పడుకున్నవాణ్ణి. నన్నెవరూ పట్టుకోలేదు. కళ్లజోడు ఉంది, తల కింద ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. ఆ రెండూ ఉంటే యాత్రికుడు, లేకపోతే బిచ్చగాడు. సమ్మక్క దగ్గర ఉన్నది వేపపుల్లలు మాత్రమే.

సరే, విషయానికొస్తాను.

ఆ పూటే ముగ్గురం ఆటో ఎక్కాం. నేను, బండి పక్కవాళ్లకు అప్పగించి వచ్చిన కామాక్షి, మొజంజాహీ మార్కెట్ దగ్గర అరటిపళ్లు అమ్మే నర్మద. నర్మద సమ్మక్కకు ఎండాకాలం మెట్ల మీద పక్క స్నేహితురాలు. వ్యాను వచ్చిన రోజు వాళ్ల పిల్ల జ్వరంతో ఉందని ఇంట్లో పడుకుంది కాబట్టి మిగిలింది. "నేనుంటెనా, ఆ వ్యాను టైర్ల గాలి తీద్దును" అని దారిపొడుగునా అంటూనే ఉంది.

హోము చాదర్‌ఘాట్ వైపు ఒక రెండంతస్తుల మేడలో ఉంది. నేను చీకటి కొట్టునో, చువ్వల తలుపులనో ఊహించుకుని వెళ్లాను. తీరా చూస్తే గచ్చు అద్దంలా మెరుస్తోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. హాల్లో టీవీ ముందు పాతికమంది ఆడవాళ్లు పువ్వుల నైటీల్లో కూర్చుని సీరియల్ చూస్తున్నారు. గేటుకు మాత్రం లోపల ఒక తాళం, బయట ఒక తాళం.

సమ్మక్కకూ నైటీ తొడిగారు. పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప కట్టని మనిషి. ఆ నైటీ మీద మంచం దుప్పటి చీరలా చుట్టుకుని, కుచ్చిళ్లు కూడా పోసుకుని వచ్చి నిలబడింది.

నర్మద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏందక్కా గీ అవతారం?"

"నవ్వవే నవ్వు. నీకు గూడ తొడుగుతరు, జర ఆగు."

"అన్నం పెడుతున్నారా?" అన్నాను.

"పెడుతున్రు సారూ. గుడ్డు గూడ పెడుతున్రు. గని కంచం కడుగుతనంటె కడగనిస్తలేరు. ఊడుస్తనంటె చీపురు గుంజుకుంటున్రు. ఉట్టిగ కూసోని తినాల్నట. గొంతు దిగుతలేదు."

సూపరింటెండెంటు స్నేహలత మమ్మల్ని తన గదిలో కూర్చోబెట్టింది. నలభై దాటి ఉంటాయి. అలసిన ముఖం, మంచి గొంతు. మాకు టీ తెప్పించింది. "ఇక్కడున్నవాళ్లతో పని చేయించామంటే మా మీద కేసు పెడతారు సార్. అది వాళ్ల రక్షణ కోసం పెట్టిన రూలే" అంది. "ఆమెను ఏమీ అనలేదు మేము. పొద్దున టూత్‌పేస్ట్ ఇస్తే మాత్రం, ఇది తీపి సబ్బు అని ఉమ్మేసింది."

"పంపించెయ్యండి మేడమ్. ఆమెకు గదుంది, పనుంది" అన్నాను.

"ఊరికే పంపలేను. దగ్గరి బంధువులెవరైనా వచ్చి, ఇకమీదట ఈమె బాధ్యత మాదే అని పూచీకత్తు రాసి సంతకం పెట్టాలి."

ఆ మాట ఆమె నోట్లోంచి పూర్తిగా రాకముందే కామాక్షి లేచింది. "నేనేనండీ. మా సొంత అక్క."

అదే క్షణంలో నర్మద కూడా లేచింది. "నేను మేడమ్. మా చిన్నమ్మ."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. స్నేహలత కళ్లజోడు సర్దుకుంది. ఒకామె మాట తెనాలిది, ఇంకొకామెది మహబూబ్‌నగర్‌ది. ఒకామెకు అక్క, ఇంకొకామెకు చిన్నమ్మ. "అంటే మీరు ఈమెకు చిన్నమ్మ అవుతారా?" అని కామాక్షిని అడిగింది, పెదవులు బిగబట్టుకుని.

"అవుతానండీ. వరసకి" అంది కామాక్షి ఏమాత్రం తొణక్కుండా.

స్నేహలత నిజంగానే నవ్వేసింది. కథ అక్కడితో తేలిగ్గా ముగిసేదేమో, సమ్మక్క ఊరుకుని ఉంటే.

"కాదు మేడమ్" అంది గుమ్మంలో నిలబడి వింటున్న సమ్మక్క. "ఈమె నాకు చెల్లె గాదు. ఇడ్లీలమ్ముకునే ఆమె. మంచిదే గని చట్నీల నీళ్లు జాస్తి పోస్తది. గా పోరి బిడ్డా గాదు."

"అక్కా, నీకు దండం పెడతానే, నోర్మూసుకో" అంది కామాక్షి.

"ఎందుకు మూసుకోవాలె? అబద్ధం చెప్పి బయటపడేటంత తప్పు నేనేం చేసిన?"

అప్పుడు స్నేహలత అసలు సంగతి చెప్పింది. సమ్మక్క ఊరు కనుక్కుని, పొద్దున్నే ఆమె మరిది కొడుక్కి ఫోన్ చేశారట. అంజన్ అని, ఉప్పల్ వైపు క్యాబ్ నడుపుతాడట. దారిలో ఉన్నాడు, వస్తున్నాడు.

సమ్మక్క ముఖం మాడిపోయింది. ఎందుకో అక్కడ నాకొక్కడికే తెలుసు. ఆమె చెప్పుకున్న నాలుగు ముక్కలు పాఠకులకూ చెప్పాలి.

ఆమెది జనగామ అవతలి పల్లె. పెళ్లయిన ఏడే భర్త బిచ్చయ్యతో భవనాల పనికి పట్నం వచ్చింది. మేస్త్రీ మనుషుల్ని జతల లెక్కన పెట్టుకునేవాడు. మొగుడూ పెళ్లాం కలిస్తే ఒక జత. ఇద్దరూ ఇటుకలు మోసేవాళ్లు, కూలి జతకు వచ్చేది, వేలిముద్ర బిచ్చయ్య వేసేవాడు. కొట్టేవాడు కాదు, తాగేవాడూ కాదు. కానీ తన కూలి ఎంతో ఆమెకు ఎప్పుడూ తెలియదు. బిచ్చయ్య కామెర్లతో పోయాక మేస్త్రీ, మరిది కూర్చుని మాట్లాడుకున్నారు. ఒంటరి ఆడదాన్ని పనిలో పెట్టుకోను, నీ పేరుమీద జతగా రాసుకుంటాను అని మేస్త్రీ అన్నాడు. మరిది సరేనని వేలిముద్ర వేయబోయాడు. ఇసుకకుప్ప మీద కూర్చుని ఉన్న సమ్మక్క తలమీది చుట్టగుడ్డ అక్కడే పడేసి, లేచి నడుచుకుంటూ వచ్చేసింది. నడిచి నడిచి ఆగింది నాంపల్లిలో. ఆ తర్వాత ఆమె తరఫున ఎవరూ వేలు వెయ్యలేదు.

అంజన్ వచ్చాడు. వస్తూనే సమ్మక్క కాళ్లకు దండం పెట్టాడు. మర్యాదస్థుడు. లోపలికి వస్తూ చెప్పులు బయట విప్పాడు కూడా.

"పెద్దమ్మా, గిదేం పెద్ద ముచ్చట? నేను సంతకం పెడత. గేటు దాటినంక నీ దారి నీది, నా దారి నాది. ఊరికి రమ్మనను, ఏమనను."

ఇంతకన్నా ఏం కావాలి? కామాక్షి నావైపు చూసింది, నేను నర్మదవైపు చూశాను. ఒక గీత గీస్తే అయిపోతుంది. స్నేహలత కాగితం తీసి పెన్ను అతని ముందుకు జరిపింది.

"ఒద్దు బిడ్డా" అంది సమ్మక్క.

"ఎందుకే పెద్దమ్మా?"

"నువ్వు మంచోనివి. మీ నాయిన లెక్క గాదు. గని రేపు నాకేమన్న అయితె ఎవర్నడుగుతరు? నిన్ను. ఎందుకు ఒదిలినవ్ ఆమెను, నీ పూచీ గాదా అని అడుగుతరు. అప్పుడు నువ్వు భయపడతవ్. భయపడ్డోడు గట్టిగ పట్టుకుంటడు. నీ తప్పు గాదది. సంతకం తప్పు."

అంజన్ పెన్ను కింద పెట్టేశాడు. హాల్లో టీవీ గొంతు తగ్గింది. ఎవరో తగ్గించారు.

"అయితే ఇక్కడే ఉంటావా?" అంది స్నేహలత. ఇప్పుడు ఆమె గొంతులో మంచితనం పలచబడి, కింద ఉన్న అలసట బయటపడింది. "నాకేమన్నా సరదానా తాళాలు వేసుకోవడం? పోయిన ఏడు ఎల్లవ్వ అని ఒకామె కాళ్లావేళ్లా పడితే జాలిపడి పంపించాను. నెల తిరక్కముందే బ్రిడ్జి దగ్గర వడదెబ్బకు పోయింది. పేపర్లో నా పేరు వేశారు. మా అత్తగారు ఆ పేపరు దాచి పెట్టింది, ఇప్పటికీ."

సమ్మక్క దుప్పటి కుచ్చిళ్లు సర్దుకుని కుర్చీలో కూర్చుంది. మేము వచ్చాక కూర్చోవడం అదే మొదలు.

"ఎల్లవ్వ సచ్చేటప్పుడు నిన్ను తిట్టుకుందంటవా?"

"నాకేం తెలుసు?"

"నాకు గూడ తెల్వదు. గని గీడ ఉన్నన్ని దినాలు తిట్టుకుందా లేదా, గది నీకు తెలుసు."

స్నేహలత టీ కప్పు పక్కకు జరిపింది.

"మేడమ్, నేను సస్త. మెట్ల మీద సస్తనో, గదిల సస్తనో. గీడుంటె సావనా? నీకు పుణ్యముంటది, నాలుగు బుక్కలు పెట్టినవ్. కానీ ఒక్క ముచ్చట చెప్పు. ఓట్లప్పుడు మీ సార్లే ఇల్లు ఎతుక్కోని వచ్చి నన్ను తోల్కపోతరు. నా ఏలికి సిరా పెడతరు. సర్కారు ఎవలుండాల్నో చెప్పనీకి నాకు తెలివున్నది. నేనేడ పండుకోవాల్నో చెప్పనీకి లేదా?"

నేను చదివిన పుస్తకాల్లో ఈ ప్రశ్న చాలా పొడుగ్గా ఉంటుంది. దాన్ని ఇంత పొట్టిగా అడిగినవాళ్లను నేను చూడలేదు.

స్నేహలత ఫోన్ తీసింది. పై అధికారితో మా ముందే మాట్లాడింది. "సార్, ఆమె మేజర్. మతి బాగుంది. గదుంది. ఉండనంటోంది. పూచీ ఎవరిదీ వద్దంటోంది... అవును సార్, బంధువు వచ్చాడు, ఆమే వద్దంటోంది... ఏ సెక్షన్ కింద ఉంచుకోవాలో ఒక్క ముక్క రాసి పంపండి సార్, ఉంచుకుంటాను." అవతలి గొంతు చాలాసేపు మాట్లాడింది. తర్వాత ఆగింది. ఆమె ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది.

"రాసియ్యరంట. నన్నే చూసుకోమన్నరు" అంది. అంతదాకా పుస్తకాల తెలుగు మాట్లాడిన మనిషి నోట్లోంచి తన సొంత ఊరు తొంగిచూసింది.

కాగితం మళ్లీ ముందుకు లాక్కుంది. "పూచీదారు అని ఉన్నకాడ ఎవరి పేరు రాయాలె?"

"నా పేరు రాయి."

"సంబంధం అని అడుగుతుంది ఇక్కడ. ఏమైతవని రాయాలె?"

సమ్మక్క ఆలోచించింది. "నాకు నేను ఏమైతనో గదే రాయి. నీకు సదువొచ్చు గద."

స్నేహలత 'స్వయం' అని రాసింది. రాసి, ఆ మాట బయటికి చదివి వినిపించింది. సిరాపెట్టె మూత తీసి ముందుకు జరిపింది. సమ్మక్క బొటనవేలు సిరాలో అద్ది, ఎవరూ చెయ్యి పట్టుకోకుండానే, కాగితం మీద నొక్కింది. గట్టిగా నొక్కింది. తీశాక వంగి చూసుకుంది.

"మంచిగ పడ్డదా?"

"పడ్డది" అంది స్నేహలత.

ఆమె చీర తెచ్చి ఇచ్చారు. ఉతికి, మడతపెట్టి ఉంచారు. సమ్మక్క లోపలికి వెళ్లి కట్టుకుని వచ్చింది. చిల్లర కూడా ఒక పొట్లంలో కట్టి ఉంచారు, ఆ కుర్రాడిది. అది తనది కాదని వాచ్‌మన్‌తో వాదనకు దిగబోతే కామాక్షి లాక్కుని తన రొండిన దోపుకుంది. "వాడు మళ్లీ రైలు దిగినప్పుడు నేనిస్తాను, నువ్వు మాత్రం చెయ్యి చాపకే తల్లీ!"

మేము హాలు దాటబోతుంటే టీవీ ముందు కూర్చున్నవాళ్లలో ఒకామె లేచింది. తర్వాత ఇంకొకామె. వాళ్లు గదిలో మాటలన్నీ విన్నారని అప్పుడు అర్థమైంది. మొదటామె స్నేహలత దగ్గరికొచ్చి, "మేడమ్, నాకు నేను గూడ అయిత గద?" అంది.

స్నేహలత గుమ్మంలోనే ఆగింది. నిట్టూరుస్తుందనుకున్నాను. నిట్టూర్చింది కూడా. ఆ తర్వాత తన కుర్చీ తానే మోసుకొచ్చి హాలు మధ్యలో వేసుకుని కూర్చుంది. వాచ్‌మన్‌ను పిలిచి గేటు తాళాలు రెండూ తీసెయ్యమంది. "ఒక్కొక్కరే రండి. ఉంటారా, పోతారా, పోతే ఎక్కడికి పోతారు, ఏం చేసుకుంటారు, నాకు చెప్పండి. ఒంట్లో బాగాలేనివాళ్లను డాక్టరు చూస్తాడు. మిగిలినవాళ్లు మీ ఇష్టం."

కొందరు లేచారు. ఒకామె ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయలు ఏరే పని ఉందంది. ఇంకొకామెకు ఎక్కడికి పోవాలో తెలియదు, రేపు చెబుతానంది. స్నేహలత సరే అంది.

కిటికీ పక్కన ఒక ముసలామె మాత్రం కదల్లేదు. రెండు మోకాళ్లకూ గుడ్డ కట్టుకుని ఉంది. గేటువైపు ఒకసారి చూసి, మళ్లీ టీవీవైపు తిరిగింది.

"అవ్వా, నువ్వు?" అంది స్నేహలత.

"నేనుంట" అంది ఆమె. "గిన్ని దినాలు పెట్టిన్రు, ఉన్న. ఇయ్యాల అడిగిన్రు గద. ఇప్పుడు నేనుంట."